రెండు కొసల ఉద్యోగం

మా లోకల్ రైలుకు రెండు కొసలు. రెండు కొసల్లోనూ అచ్చం ఒకేలాంటి చిన్న గది ఉంటుంది, దాన్ని మేం క్యాబు అంటాం. రైలు ఎటు పోతే అటువైపు క్యాబులో డ్రైవరు, రెండో కొసన గార్డు. నేను గార్డుని. ఆమధ్య పై ఆఫీసు వాళ్ళు మా పేరు మార్చి ట్రైన్ మేనేజర్ అన్నారు. ఆ మాట హైటెక్ సిటీ స్టేషన్లో చెప్పుకుని లాభం లేదు, అక్కడ దిగేవాళ్ళలో సగం మంది మేనేజర్లే. కొత్తగూడలో మా గల్లీ వాళ్ళకు మాత్రం నేను ఎప్పటికీ పచ్చజెండా అక్కనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో అలా పిలిచారు, ఇప్పుడు వాళ్ళ పిల్లలూ అలాగే పిలుస్తున్నారు.

నా జంట డ్రైవరుది నంద్యాల వైపు. నాకంటే చాలా పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన అమ్మా అంటాడు. ఈ మర్యాద పూర్తయ్యాక ఎత్తిపొడుచుకోవడం మొదలుపెడతాం. గార్డు ఉద్యోగమంటే జీతమిచ్చి రైల్లో తిప్పడమేనని ఆయన గట్టి నమ్మకం. "నీకేమమ్మా, కిటికీ పక్క సీటు, గాలి, చేతిలో జెండా. టికెట్టు గూడా ఎవురూ అడగరు" అనేవాడు. నేను ఊరుకునే రకాన్ని కాదు. "మీ బండికి స్టీరింగ్ గూడ లేదు గదన్నా. పట్టాలు ఎటు తీస్కపోతే అటు పోతరు. నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోలోళ్ళు నయం, ఆ సందులల్ల మలుపుకుంట నడుపుతరు" అనేదాన్ని. ఆ మాటకు ఆయనకు నిజంగానే మండేది. మళ్ళీ నాతో మాట్లాడటానికి రెండు మూడు స్టేషన్లు పట్టేది.

మాట్లాడటం అన్నాను గానీ, పనిలో ఉన్నప్పుడు మాకు మాటలు తక్కువ, బెల్లు ఎక్కువ. ఒక క్యాబులో మీట నొక్కితే రెండో క్యాబులో మోగుతుంది. ఒక్క బెల్లు అంటే ఆపు. రెండు బెల్లులంటే పోనీ. అవతలి నుంచి ఎన్ని మోగితే ఇవతలి వాళ్ళు అన్ని తిరిగి కొట్టాలి, విన్నామని చెప్పడానికి. జనమంతా ఎక్కారని చూసుకుని గార్డు రెండు కొడితే, డ్రైవరు కూడా రెండు కొట్టి బండి కదిలిస్తాడు. ఇంతే మా భాష. అయితే ఏళ్ళ తరబడి ఒకే మనిషి బెల్లు వింటుంటే అందులో మనసు కూడా వినిపిస్తుంది. ఆయనకు ఆకలేస్తే బెల్లు పొట్టిగా మోగేది. కోపమొస్తే రెండు బెల్లుల మధ్య సందు ఉండేది కాదు. సాయంత్రం హైటెక్ సిటీలో పరుగెత్తుకొచ్చే వాళ్ళ కోసం నేను కాస్త ఆగానంటే చాలు, ఇంటర్‌కమ్‌లో ఆయన గొంతు వినపడేది.

"ఏమ్మా, పెండ్లివాళ్ళు వస్తాండారా? మేళం గూడా రానీ, అందరం కలిసే పోదాం."

ముందు కూర్చున్న మనిషికి సిగ్నలు తప్ప మనుషులు కనపడరు కాబట్టి నేను క్షమించేదాన్ని. పైకి మాత్రం క్షమించినట్టు కనపడనిచ్చేదాన్ని కాదు.

ఇలా రోజంతా రైలుకు చెరో కొసన ఉండే మేము ఒకరి ముఖం ఒకరం చూసుకునేది లింగంపల్లిలోనో నాంపల్లిలోనో, బండి చివరిదాకా వచ్చి ఆగినప్పుడు. అక్కడ బండి వెనక్కి తిరిగి పోవాలి. అంటే తోక తల అవుతుంది, తల తోక అవుతుంది. అందుకని డ్రైవరు దిగి ఆ కొసకు నడవాలి, గార్డు దిగి ఈ కొసకు నడవాలి. ఇద్దరం ఎదురెదురుగా వస్తూ ప్లాట్‌ఫారం నడుమ కలుసుకునేవాళ్ళం. నాంపల్లిలో సరిగ్గా ఆ నడుమనే ఒక టీ కొట్టు ఉంది. ఆ కొట్టు అక్కడ పెట్టినవాడికి మా సంగతి తెలుసో లేదో గానీ, నేను మాత్రం అది మా కోసమే పెట్టారని అనుకునేదాన్ని. నిలబడి చెరో టీ తాగి, అప్పటిదాకా బెల్లులో దాచుకున్న మాటలన్నీ అక్కడ అనేసుకుని, ఎవరి కొసకు వాళ్ళం పోయేవాళ్ళం. మా స్నేహం అంతా ఆ టీ కొట్టు దగ్గరే జరిగింది.

ఆయన తన చివరి రోజు గురించి చెప్పింది కూడా అక్కడే. మా దగ్గర డ్రైవరు రిటైరయ్యే రోజుకు ఒక పద్ధతి ఉంది. పొద్దున బండికి దండ వేసి కొబ్బరికాయ కొడతారు. సాయంత్రం ఆఖరి బండి తెచ్చేవేళకు ఇంటివాళ్ళు, చుట్టాలు స్టేషన్‌కొచ్చి నిలబడతారు. ఆయన తన చేత్తో బండి తెచ్చి వాళ్ళ ముందు ఆపి దిగితే దండలు వేస్తారు, డప్పులు కొడతారు. ఆయన ఆ రోజు గురించి చెబుతూ ఎన్ని టీలు తాగాడో లెక్కలేదు. ప్లాట్‌ఫారం చివర ఎక్కడ భార్య నిలబడాలో, అల్లుడు ఫోను పట్టుకుని ఎటు నుంచి వీడియో తీయాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లలో మా ఇంటామె నేను బండి నడపంగా చూసిందే ల్యా. ఆమె ఎక్కితే లోపల కూచుంటాది, నేను ముందర ఉంటా. ఆ పొద్దు ఆమె ఎదురుగా నిలబడాల, నేను ఆమె ముందరికి తెచ్చి ఆపాల. ఒక్క జానెడు అటూ ఇటూ కాగూడదు" అనేవాడు. ఇంత పెద్ద మనిషి ఇలా చిన్నపిల్లాడిలా అనుకోవడం నాకు ముచ్చటగా ఉండేది. అయినా "జానెడు కాదన్నా, రెండు పెట్టెలు అవతల ఆపుతరు, వదిన ఉరుకాలె" అని ఏడిపించేదాన్ని.

ఆయన రిటైరవడానికి ఏడాది కూడా లేదనగా ఆ ఆర్డరు వచ్చింది. కొన్ని లోకల్ బండ్లలో ప్రయత్నం చేసి చూస్తారట. డ్రైవరు గార్డు పని నేర్చుకోవాలి, గార్డు డ్రైవరు పని నేర్చుకోవాలి. ఇద్దరూ రెండూ చేస్తే, చివరి స్టేషన్లో ఎవరూ దిగి నడవక్కర్లేదు. ఎవరి క్యాబులో వాళ్ళు కూర్చునే ఉంటారు. ఇప్పటిదాకా గార్డుగా వచ్చిన వాళ్ళు అదే సీట్లో డ్రైవరై బయల్దేరుతారు, డ్రైవరుగా వచ్చిన వాళ్ళు గార్డవుతారు. ఆ నడిచే సమయం మిగులుతుంది, బండి తొందరగా తిరిగి బయల్దేరుతుంది. మొదటి ప్రయత్నానికి ఎంపిక చేసిన జంటల్లో మేము కూడా ఉన్నాం.

ఈ సంగతి ఇంట్లో చెబితే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా అన్న కూతురు ఎగిరి గంతేసింది. "అత్తా, ఫ్రంట్ ఎండ్, బ్యాక్ ఎండ్ రెండూ నువ్వే చేస్తవా? మా దగ్గర గిట్ల చేసేటోళ్ళను ఫుల్ స్టాక్ అంటరు. మస్తు డిమాండ్" అంది. డిమాండ్ సంగతి ఏమోగానీ, నాకు లోపల ఆశ పుట్టింది. ఇన్నేళ్ళు బండి వెనక నిలబడి పోనీ పోనీ అన్నదాన్ని, ఒక్కసారి నేనే పోనిస్తే ఎలా ఉంటుందో చూద్దామని ఉండేది.

ఆయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది. టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. "ఈ వయసులో నాకు జెండా ఇస్తారంట. ఇంత సర్వీసు చేసి తోకకు పోవాలంట" అన్నాడు. "నేను ముందుకు వస్తున్న గదన్నా, బండి నడుస్తది తీయుండ్రి, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాను. అప్పుడు గ్లాసు కింద పెట్టి నా వైపు చూసి చెప్పాడు.

"నీ మీద కోపంతో చెప్పటం ల్యా అమ్మా. నువ్వు నడిపే బండి మాత్రం నేను ఎక్కను."

సరదాగా అన్నాడనే అనుకున్నాను. ఇంటికొచ్చాక అన్నం తింటుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. ఎలాగైనా నేర్చుకుని తీరాలని ఆ ముద్ద దగ్గరే నిశ్చయించుకున్నాను.

నేర్చుకోవడం మొదలుపెట్టాక తెలిసింది, స్టీరింగ్ లేదని నేను చేసిన వెక్కిరింత ఎంత తెలివితక్కువదో. బండి కదిలించడం ఎవరికైనా వస్తుంది. ఆపడమే డ్రైవరు చదువంతా. అంత బరువు పట్టాల మీద జారుకుంటూ వస్తుంటే, ఆగాల్సిన చోటుకు చాలా ముందే దాన్ని బుజ్జగించడం మొదలుపెట్టాలి. నేను క్లాసులో విన్నదంతా ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. "ప్లాట్‌ఫారం కనపడినాక బ్రేకు సంగతి తలుచుకుంటే, హైటెక్ సిటీలో దిగాల్సినోళ్ళంతా హఫీజ్‌పేటలో దిగుతారు." బండి ఎక్కనన్న మనిషి బండి నడపడం మాత్రం నేర్పించాడు. ఏ స్టేషన్ ముందు ఏ స్తంభం దగ్గర చెయ్యి కదలాలో, వాన పడితే ఎంత ముందు కదలాలో, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పేవాడు. నేను వినేదాన్ని, వింటున్నట్టు కనపడకుండా.

ఇన్‌స్పెక్టర్ నా వెనక నిలబడి చూస్తుండగా నేను మొదటిసారి ప్రయాణికులతో బండి నడిపిన రోజు చెప్పాలి. అప్పటికి ఆయన గార్డు క్లాసు పూర్తి చేసుకుని కొత్త జెండాతో వెనక క్యాబులో ఉన్నాడు. హైటెక్ సిటీలో బండి ఆపాను. చక్కగా ఆగింది. ఆ సంతోషంలో అలవాటు పొంగుకొచ్చింది. కిటికీలోంచి తల బయట పెట్టి వెనక్కి చూశాను. జనం ఎక్కారు. సిగ్నలు పచ్చగా ఉంది. తల లోపల పెట్టి రెండు బెల్లులు కొట్టాను. వెనక ఉన్న ఆయనకు రెండు బెల్లులు వినపడగానే ఆయన అలవాటు కూడా మేలుకుంది, వెంటనే రెండు తిరిగి కొట్టాడు. అవి విని నేను తృప్తిగా చేతులు కట్టుకుని, బండి కదలడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

బండి కదల్లేదు. వెనక ఆయన కూడా డ్రైవర్లకు ఉండే ఠీవితో నేరుగా ముందుకు చూస్తూ కూర్చున్నాడట, ముందు ఉన్నది మేం దాటి వచ్చిన పట్టాలే అయినా. జనం ఫోన్లలోంచి తలలెత్తి చూస్తున్నారు. నాకు డ్రైవరు మీద చిరాకు కూడా వచ్చింది, ఇంకా కదిలించడేంది ఈ మనిషి అని. అప్పుడు నా వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ చాలా మర్యాదగా అడిగాడు. "అమ్మా, డ్రైవరు ఎప్పుడొస్తరు?"

ఆ రోజు నుంచి షెడ్డులో ఎవరు కనపడినా నన్ను "డ్రైవరొచ్చిండా అక్కా?" అనే పలకరించేవాళ్ళు. ఆయన్ని ఏమీ అనేవాళ్ళు కాదు. నేను మాత్రం అనేదాన్ని.

కొన్నాళ్ళకు ఇద్దరికీ చేతులు కుదిరాయి. నేను తల బయట పెట్టడం మానేశాను. ఆయన తల బయట పెట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో ఆయన గార్డుతనం చూస్తే నవ్వొచ్చేది. బండి ఆగీ ఆగకముందే రెండు కొట్టేసేవాడు, దిగేవాళ్ళు తలుపు దగ్గరే ఉండేవాళ్ళు. "అన్నా, జర వాళ్ళను దిగనియ్యుండ్రి, జీతం కట్ కాదు" అని ఇంటర్‌కమ్‌లో చెప్పాల్సి వచ్చేది. తర్వాత తర్వాత ఆ బెల్లు నెమ్మదించింది. ఒక సాయంత్రం హైటెక్ సిటీలో బండి ఆగి, సిగ్నలు పచ్చబడి, నా చెయ్యి సిద్ధంగా ఉండి కూడా బెల్లు రావడం లేదు. నాకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదనిపించింది. ఇంటర్‌కమ్ ఎత్తాను.

"ఏందన్నా, పెండ్లోళ్ళు వస్తున్నరా?"

"వస్తాండారమ్మా" అన్నాడు, కొంచెం కూడా తొణక్కుండా. "ఒక బిడ్డ కడుపుతో ఉంది. బ్యాగు మోస్కోని నిదానంగా మెట్లు దిగతాంది. నువ్వు మూస్కోని కూచో."

నేను మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి రెండు బెల్లులు వచ్చాయి, మధ్యలో బోలెడంత సందు ఉంది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటే పోయింది. చివరి స్టేషన్లో ఎవరూ నడవక్కర్లేదు కాబట్టి మేము కలుసుకోవడం పోయింది. బండి నాంపల్లికి వస్తుంది, నేను ఇక్కడే, ఆయన అక్కడే, ఊరి పేరు బోర్డులు మార్చుకుని మళ్ళీ బయల్దేరతాం. పొద్దున లింగంపల్లిలో సంతకాలు పెట్టేటప్పుడు చూసిన ముఖం మళ్ళీ డ్యూటీ దిగేటప్పుడే. కిటికీలోంచి చూస్తే నడుమ టీ కొట్టు కనపడేది. అక్కడ వేరేవాళ్ళు నిలబడి తాగుతుండేవాళ్ళు. మా సమయం మిగిల్చారు, నిజమే. ఆ మిగిలిన సమయంతో ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. బాధేసింది. ఆయనకూ వేసే ఉంటుంది, ఇంటర్‌కమ్‌లో ఒకసారి "టీ తాగినావా?" అని అడిగాడు. "ఏడ తాగుతనన్నా, మీరు లేకుంటే పైసలు ఎవరిస్తరు" అన్నాను.

ఆయన చివరి రోజు వచ్చింది. దానికి కొన్ని రోజుల ముందే మేమిద్దరం లెక్క చూసుకున్నాం. కొత్త పద్ధతిలో మనుషులు మారరు, బండే అటూ ఇటూ తిరుగుతుంది. అంటే పొద్దున లింగంపల్లి నుంచి బయల్దేరేటప్పుడు ముందున్నవాళ్ళు, సాయంత్రం లింగంపల్లికి తిరిగొచ్చేటప్పుడు వెనక ఉంటారు. కాబట్టి ఆఖరి బండి ఆయన ముందుండి తేవాలంటే, పొద్దున వెనక క్యాబులో కూర్చోవాలి. ఇంత తేలిక. "మర్చిపోవద్దన్నా, పొద్దుగాల మీరు తోకకు" అన్నాను. "నాకు చెప్తాండావా?" అన్నాడు.

పొద్దున స్టేషన్‌కు పోయేసరికి షెడ్డు వాళ్ళంతా వచ్చి ఉన్నారు. బండి ముఖానికి బంతిపూల దండ వేశారు. పసుపు, కుంకుమ పెట్టారు. బండి ముఖమంటే ముందు వైపే కదా, ఇన్నేళ్ళ నుంచి అందరూ కొబ్బరికాయ కొట్టేది అక్కడే. ఆ రోజు కూడా అక్కడే కొట్టారు. ఆయన భుజాల మీద శాలువా కప్పి, చప్పట్లు కొడుతూ, దండ వేసిన ఆ క్యాబులోకే ఎక్కించారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఎక్కాడు. నేనూ చప్పట్లు కొట్టి, ఒక కొబ్బరి ముక్క నోట్లో వేసుకుని వెనక క్యాబుకు పరుగెత్తాను. రెండు కొట్టాను, రెండు తిరిగొచ్చాయి, బయల్దేరాం. చందానగర్ దాటాక కొబ్బరి నములుతుంటే నా దవడ ఆగిపోయింది.

"అన్నా" అన్నాను ఇంటర్‌కమ్‌లో. "మనం తప్పు కొసలల్ల కూసున్నం."

 

"టెంకాయ కొట్టినారు కదమ్మా, ఎక్కేసినా" అన్నాడు. ఆ గొంతు విని ఏడిపించాలనిపించలేదు. "ఏం పరేషాన్ కాకుండ్రి. ఆఖరి ట్రిప్పుల నాంపల్లిల దిగి మార్చుకుందం. పాత పద్ధతిల నడుస్తం, అంతే గద" అన్నాను. సరేనన్నాడు. రోజంతా ఆయన బెల్లు పొట్టిగానే మోగింది.

సాయంత్రం ఆఖరి ట్రిప్పుకు నాంపల్లి చేరేసరికి మా బండి కాస్త ఆలస్యమైంది. అయినా బండి ఆగగానే ఇద్దరం దిగాం. ఆ కొస నుంచి ఆయన, ఈ కొస నుంచి నేను, చేతిలో సామాను పెట్టెలతో ఎదురెదురుగా నడిచాం. ఎన్ని నెలలకో అలా నడవడం. టీ కొట్టు దగ్గర కలుసుకున్నాం. కొట్టతను మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, అడక్కుండానే రెండు గ్లాసులు అందించాడు. ఆయన నుదుటి మీద పొద్దుటి కుంకుమ ఇంకా ఉంది. భుజాల మీంచి శాలువా తీయలేదు. గబగబా ఊదుకుంటూ తాగాం.  దాచిపెట్టుకున్న మాటలు అన్ని ఉన్నా, ఒక్కటీ బయటికి రాలేదు.

అప్పుడే సిగ్నలు పడింది. ఆయన సిగ్నలు వైపు చూశాడు, గ్లాసు కింద పెట్టాడు.

"టైము ల్యా. పోమ్మా, నీ క్యాబుకు నువ్వు పో."

"గట్లెట్లయితది అన్నా! వదిన ఎదురుచూస్తుంటది. మీరు ముందుకు నడుండ్రి" అన్నాను.

"లేటు బండి తెచ్చి దండ ఏయించుకోవాల్నా నేను? పో అంటాండా కదా!" అని గదిమి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి తన పాత కొసకు పరుగులాంటి నడకతో పోయాడు. ఆ గదమాయింపుకు నా కాళ్ళు కూడా వెనక్కి తిరిగాయి. నా క్యాబెక్కి, సీట్లో కూర్చుని, బ్రేకు చూసుకుని, ఊపిరి తీసుకున్నాక అప్పుడు తట్టింది. మేము నిలబడింది నడుమ. నడుమ నుంచి ఏ కొసకు పోయినా దూరం ఒకటే. ముందుకు నడిచినా ఇంతే సమయం పట్టేది.

ఏ స్తంభం దగ్గర బ్రేకు వేస్తే ఏ గీత దగ్గర ఆగుతుందో నోటికి చెప్పే మనిషికి ఈ లెక్క తెలియదా?

ఇంటర్‌కమ్ ఎత్తేలోపే రెండు బెల్లులు వచ్చాయి. నెమ్మదిగా, మధ్యలో సందుతో. నేను రెండు తిరిగి కొట్టి, బండి కదిలించాను.

బోరబండ దాటాక ఎండ ఎదురైంది. సాయంత్రం లింగంపల్లి వైపు పోయే బండికి సూర్యుడు సరిగ్గా అద్దంలో కూర్చుంటాడు. ఆయన ఇన్నేళ్ళూ ఆ ఎండను తిట్టుకుంటూ కళ్ళు చికిలించి నడిపాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండ వల్లే అనుకుంటాను. హైటెక్ సిటీలో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం కిక్కిరిసి ఉంది. బెల్లు కోసం ఎదురుచూస్తుంటే ఆయనే మాట్లాడాడు.

"అమ్మా, ఈ వెనక నుంచి చూస్తే అద్దాల బిల్డింగులన్నీ ఎర్రగా మండుతాండాయి. రోజూ ఇట్లనే ఉంటాదా?"

"ఎండ ఉన్నన్ని రోజులు ఉంటదన్నా."

"నువ్వెప్పుడూ చెప్పల్యా."

"మీరెప్పుడు అడిగిన్రు?"

రెండు బెల్లులు వచ్చాయి.

హఫీజ్‌పేట, చందానగర్ అయ్యాయి. లింగంపల్లి దగ్గర పడుతుంటే ఆయన చెప్పిన స్తంభం కంటే ముందే నా చెయ్యి బ్రేకు మీదికి పోయింది. దూరం నుంచే జనం కనపడ్డారు. డప్పులు మోగుతున్నాయి. అల్లుడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం చివర, ఆయన చెప్పిన చోటే, పట్టుచీర కట్టుకుని రెండు చేతులతో దండ పట్టుకుని ఆమె నిలబడి ఉంది. నా జన్మలో అంత జాగ్రత్తగా ఏదీ ఆపలేదు. బండి మెల్లగా పోయి, నా కిటికీ సరిగ్గా ఆమె ఎదురుగా ఆగింది. జానెడు అటూ ఇటూ కాలేదు.

ఆమె దండ ఎత్తింది. అద్దం వెనక నన్ను చూసి అలాగే ఉండిపోయింది. నేను కిటికీలోంచి తల బయట పెట్టి, చెయ్యి వెనక్కి చూపించి, "వెనక వదినా! వెనక!" అని అరిచాను. డప్పులు ఆగాయి. అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత మొత్తం గుంపు, పట్టుచీరలు, డప్పులు, వీడియో, మిఠాయి డబ్బాలు, దిగుతున్న జనాన్ని తోసుకుంటూ వెనక్కి పరుగెత్తింది. నేనూ దిగి వాళ్ళ వెంట పడ్డాను. అప్పటికే ఆయన శాలువా సర్దుకుంటూ ఎదురొస్తున్నాడు. ప్లాట్‌ఫారం నడుమనే అందరం కలుసుకున్నాం. దండలు అక్కడే పడ్డాయి.

"ఏందయ్యా ఇది, వెనకెందుకు కూచుంటివి? ఇంత దూరం వస్తిమి నువ్వు నడుపుతాంటే చూద్దామని" అంది ఆమె, కోపంగానే.

"టైము సాలల్యా" అన్నాడాయన, దండలోంచి.

నేను ఊరుకోలేదు. "నడిమిట్ల నుంచి ఎటు పోయినా ఒకటే దూరం గదన్నా?"

ఆయన నన్ను తీరిగ్గా చూశాడు. "అట్లనా? నాకు లెక్కలు రావమ్మా."

"మరి నేను నడిపే బండి ఎక్కనన్నరు?"

"ఎక్కితినా ఏమన్నా? డ్యూటీ జేసినా." అని, భార్య వైపు తిరిగి, "సూస్తివా, సరిగ్గా నీ ముందర ఆపింది కదా? ఎవురు నేర్పినారో అడుగు" అన్నాడు. ఆమె అడగలేదు. నవ్వి, తన చేతిలో మిగిలిన చిన్న దండ నా మెడలో వేసింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఈసారి ఎండ లేదు, స్టేషన్ నీడలో ఉన్నాం.

మిఠాయిలయ్యాయి, ఫోటోలయ్యాయి. తర్వాతి జంట వచ్చి బండి తీసుకునేలోపు సామాన్లు తెచ్చుకోవాలని ఆయన వెనక క్యాబుకు, నేను ముందు క్యాబుకు పోయాం. టిఫిన్ డబ్బా సర్దుకుని, తాళం తీసుకుని దిగబోతుంటే బెల్లు మోగింది.

ఒక్కటే.

ఒక్క బెల్లు అంటే ఆపమని. బండి అప్పటికే ఆగి ఉంది. కాసేపు ఆ మీట వైపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత రూలు ప్రకారం, విన్నానని చెప్పడానికి, నేను కూడా ఒక్కటి కొట్టాను.